ఓటు వాళ్లది, నింద మాది

ఓటుకు చదువు అర్హతగా పెట్టాలనే మాట మేం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ప్రతి ఎన్నికల తర్వాతా వింటాం. తమకు నచ్చిన పార్టీ ఓడిపోయిన మర్నాడు మరీ ఎక్కువగా వింటాం. ప్యాపిలి హోటళ్లలో, డోన్ బస్సుల్లో, కర్నూలు ఆఫీసుల్లో ఒకటే మాట. వేలిముద్రగాళ్లకు ఓటేంది, బిర్యానీ పొట్లానికి, క్వార్టరు సీసాకు అమ్ముకునేటోళ్లకు దేశం గురించి ఏం తెలుసు, పది పాసైనోళ్లకే ఓటుండాల అని. ఆ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మాతో కలిసి బడికి పోయినవాళ్లే. రంజాన్ నాడు మా ఇంట్లో సేమ్యా పాయసం తాగేవాళ్లే. ఈ మధ్య మా ఇళ్లలో ఇంజనీరింగు చదివిన పిల్లలు కూడా ఇదే మాట అంటున్నారు. అందుకే రాయక తప్పడం లేదు.

మాది ప్యాపిలి. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు మా ఊరి పక్కనుంచే పోతుంది. వాన కూడా చాలా ఏళ్లు పక్కనుంచే పోతుంది. మేం దూదేకుల వాళ్లం. కాగితాల మీద నూర్‌బాషా అని రాస్తారు. మా జేజినాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం సగం ముస్లింలం. ఊళ్లో మిగతా వాళ్లకు మాత్రం నిండా తురకోళ్లం. క్రికెట్ మ్యాచ్ జరిగిన రోజు ఇంకా నిండుగా తురకోళ్లం.

ఆ రోజు పడే మాట ఏదో ముస్లిం పాఠకులకు చెప్పక్కర్లేదు. మిగతా పాఠకులకు చెబుతాం. "మీ తాతలే కదప్పా ఓట్లేసి దేశాన్ని చీల్చింది, పోండి మీ పాకిస్తాన్‌కు." బడిలో విన్నాం, కాలేజీలో విన్నాం. ఉద్యోగం వచ్చాక కొంచెం మర్యాదగా, నవ్వుతూ అనేవాళ్ల నోట విన్నాం. చాలా ఏళ్లు దీనికి మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, తల వంచుకోవడం. కొందరం దేశభక్తి పాటలు గట్టిగా పాడేవాళ్లం. ఆ నింద నిజమా అని లెక్క తీసి చూద్దామని ఎవరికీ తోచలేదు. ఆ లెక్కకూ, ఓటుకు చదువుండాలనే వాదానికీ సంబంధం ఉంది. ముందు దాన్ని చెప్పాలి.

బ్రిటిష్ వాళ్లు 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చారు. ముస్లిం అభ్యర్థికి ముస్లిం ఓటరే ఓటు వేయాలి. ఆ ఓటరు ఎవరనేది మాత్రం ఆస్తి, పన్ను, చదువు తేల్చేవి. 1919 చట్టం కింద మొత్తం జనాభాలో నూటికి సుమారు ముగ్గురికే ఓటు. 1935 చట్టం దాన్ని పెంచింది. పెంచినా, 1946 మొదట్లో రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికలు జరిగేనాటికి, ఓటు ఉన్నది వయోజనుల్లో నూటికి 28 మందికి కాస్త పైన. శిస్తు కట్టే పట్టాదారు, పన్ను కట్టే వ్యాపారి, చదువు వచ్చినవాడు, మిలిటరీలో చేసి వచ్చినవాడు, అర్హత ఉన్న మగవాడి భార్య. వీళ్లు ఓటర్లు. మిగతా 70 మందికి పైగా జనం ఎన్నిక అంటే జెండాలు చూసినవాళ్లే తప్ప ఓటు వేసినవాళ్లు కారు.

మా జేజినాయనకు సెంటు పట్టా లేదు. కట్టేందుకు శిస్తు లేదు. సంతకం రాదు. మిలిటరీ ఎరగడు. అంటే 1946లో ఆయనకు ఓటు లేదు. ఆయనకే కాదు, మా వాడకట్టులో దూదేకిన వాళ్లకు, బండి తోలిన వాళ్లకు, బండలు కొట్టిన వాళ్లకు, కూలికి పోయిన ఆడవాళ్లకు ఎవరికీ లేదు. అవతల నిజాం రాజ్యంలో ఉన్న తెలంగాణ ముస్లింలకైతే అసలు ఆ ఎన్నికే లేదు. అది సంస్థానం. సంస్థానాల జనం ఆ ఎన్నికల లెక్కలోకే రారు.

ఆ ఎన్నికల్లో ముస్లిం లీగు పాకిస్తాన్ కావాలని ఓటు అడిగింది. 1945 చివర కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో ముప్పై ముస్లిం స్థానాలకు ముప్పై గెలిచింది. దాని ఓటర్లు ఇంకా తక్కువ. రాష్ట్రాల ఎన్నికల్లో కూడా చాలా చోట్ల ముస్లిం స్థానాలు లీగుకే దక్కాయి, మద్రాసులోనూ అంతే. దాన్ని చూపించి ముస్లింలందరి తరఫున మాట్లాడేది తామేనని లీగు పెద్దలు చెప్పారు. అందరి తరఫునా! ఓటు ఉన్న ముస్లింలందరూ లీగుకే వేశారని మేం అనడం లేదు. చీలికకు లీగు ఒక్కటే కారణమనీ అనడం లేదు. ఆ చరిత్ర పెద్దది, దాంట్లో చాలామంది చేతులున్నాయి. మేం చెప్పేది చిన్న విషయం. ఆ చేతుల్లో మా జేజినాయన చెయ్యి లేదు. నేతపని చేసుకునే ముస్లింల మోమిన్ కాన్ఫరెన్సు, దాని నాయకుడు అబ్దుల్ ఖయ్యూం అన్సారీ పాకిస్తాన్ వద్దనే అన్నారు. వాళ్ల వెనకున్న జనంలో ఎక్కువ మంది ఓటర్ల జాబితాలో లేరు.

చదువుకున్న వాళ్లకే ఓటు ఉండాలనే మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 1946 ఎన్నికలు మీరు కోరుకుంటున్న లాంటి ఎన్నికలే. కూలివాడు లేడు. వేలిముద్రవాడు లేడు. చదువు, ఆస్తి, హోదా ఉన్నవాళ్లు నిదానంగా వరసలో నిలబడి ఓటేసిన ఎన్నికలు. ఆ తర్వాత ఏడాదిన్నర తిరక్కముందే దేశం రెండు ముక్కలై, లక్షల మంది చచ్చిపోయి, కోటి మందికి పైగా కొంపాగోడూ వదిలి నడిచారు. అర్హత ఉన్న ఓటరు అర్హమైన నిర్ణయమే తీసుకుంటాడనేందుకు ఇది సాక్ష్యమా? ఆ రోజు ఓటేసిన వాళ్లలో చాలామందికి పోవడానికి దారి ఉంది, పోయాక బతకడానికి చదువు ఉంది. ఓటు లేనివాళ్లం ఇక్కడే ఉండిపోయాం. ఓటు వాళ్లది. నింద మాది. మూడు తరాలుగా మోస్తున్నాం.

ఆ పరిమిత ఓటుతో గెలిచిన సభ్యులే రాజ్యాంగ సభను ఎన్నుకున్నారు. ఆ సభ చేసిన గొప్ప పని ఏమిటంటే, తనను కన్న పద్ధతినే రద్దు చేయడం. 326వ అధికరణం కింద ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ ఓటు ఇచ్చింది. ఆ వయసు 1989 నుంచి పద్దెనిమిది అయింది. అప్పటికి దేశంలో చదువు వచ్చినవాళ్లు 1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి 18 మంది. తెలియక ఇచ్చిన హక్కు కాదిది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1949 నవంబరులో సభలో ఈ సంగతే చెప్పాడు. జనంలో ఇంత నిరక్షరాస్యత ఉందని తెలిసీ, మామూలు మనిషి మీద నమ్మకంతోనే వయోజన ఓటు పెట్టామన్నాడు. బాబూ రాజేంద్రప్రసాద్ నవంబరు 26న మాట్లాడుతూ, శాసనసభ్యులకు అర్హతలు పెట్టలేకపోయామని బాధపడ్డాడు. ఓటర్ల గురించి మాత్రం భయం లేదన్నాడు. పల్లె మనుషులకు అక్షరం రాకపోయినా తెలివి ఉందని, తన మంచిచెడ్డలు తను ఎంచుకోగలరని వాదించాడు.

అంతకు ముందే 1929లో, సైమన్ కమిషన్ కాలంలో, అంబేద్కర్ ఇంకా సూటిగా చెప్పాడు. చదువు రానివాడు తెలివి లేనివాడు అనుకోవడం ఒక తప్పు. చదువు వచ్చినవాడికి తెలివి ఎక్కువ అనుకోవడం రెండో తప్పు. బడి గడప తొక్కనివ్వకుండా ఉంచి, బడికి పోలేదు కనుక ఓటు లేదనడం గాయం మీద కారం చల్లడమే అని ఆయన వాదం సారాంశం. మాలమాదిగల గురించి ఆయన అన్నది మా దూదేకుల వాళ్లకూ, పింజారీలకూ, ఫకీర్లకూ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంతకీ చదువు రావడం అంటే ఏమిటి? మా జేజి సంగతి చెబుతాం. ఆమె చిన్నప్పుడు మసీదు పక్క ఇంట్లో ఒక ముసలామె దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చుకుంది. ఖురాను ముప్పై భాగాలూ చదివింది. వేలు పెట్టుకుని, తప్పు పోకుండా, తల ఊపుతూ చదివేది. అర్థం తెలియదు, రాయడం రాదు. తెలుగులో మాట్లాడేది, సామెత లేకుండా ఒక మాట ఉండేది కాదు. ఉర్దూ అర్థమయ్యేది. సంతలో ఎంత పెద్ద లెక్కైనా వేళ్ల కణుపుల మీద తేల్చేది. జనాభా లెక్కల వాళ్ల నియమం ప్రకారం ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. చదవడం మాత్రమే వస్తే కాదు. కాబట్టి ముప్పై భాగాల ఖురాను చదివిన మా జేజి నిరక్షరాస్యురాలు. ఆమె పక్కన కూర్చుని, కూడబలుక్కుని చదవడం, రాయడం మాత్రం నేర్చుకుని జీవితంలో ఇంకో ముక్క చదవని మా చిన్నాయన అక్షరాస్యుడు. ఈ గీటురాయి మీద ఓటు గీసి చూస్తామంటారా?

జేజి మొదటి ఓటు 1952లో. అప్పట్లో కాగితం మీద ముద్ర వేసేది లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. కాడెద్దుల పెట్టె అంటే కాంగ్రెసు. చదువు రానివాళ్ల కోసం ప్రభుత్వం తన పద్ధతిని మార్చుకున్న రోజులవి. జనాన్ని ప్రభుత్వానికి సరిపోయేలా మార్చమని ఎవరూ అడగలేదు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. ఆ జాబితాల తయారీలోనే ఇంకో సంగతి జరిగింది. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు పరాయి మగవాళ్లకు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోక, ఫలానా వాని భార్యను, ఫలానా వాని కూతురును అని రాయించుకున్నారు. అలాంటి పేర్లు సుమారు 28 లక్షలు జాబితాల నుంచి పోయాయి. అంత పెద్ద నష్టం జరిగినా, ఆడవాళ్లకు ఓటు అనవసరమని ఆ రోజు ఎవరూ తేల్చలేదు. తర్వాతి ఎన్నికలకు పేరు చెప్పేలా చూడాలని తేల్చారు. మనకు కావాల్సిన బుద్ధి అది.

జేజి ఎట్లా ఓటు వేసేదో మేం చూశాం. ఎన్నికలప్పుడు మా వాడకట్టుకు నాయకుల కొడుకులు, తర్వాత ఆ కొడుకుల కొడుకులు వచ్చేవాళ్లు. ఒకసారి కుర్ర నాయకుడొకడు బోరింగు వేయిస్తామని చెప్పాడు. ఆమె బిందె దించకుండానే వింది. "మీ నాయన గూడ ఇదే మాట చెప్పిపాయె నాయనా. ఆయప్ప చెప్పినప్పుడు నా నెత్తిన ఎంటికలు నల్లగుండె" అంది. ఆ కుర్రాడు నవ్వలేక నవ్వాడు. ఓటు ఎవరికి వేసిందో మాకు చెప్పేది కాదు. మా జేజినాయనకూ చెప్పేది కాదు. ఇంట్లో గొంతెత్తి మాట్లాడని మనిషికి ఆ ఒక్క పనిలో తన మాటే తనది. రెండేళ్లకు, మూడేళ్లకు, ఎప్పటికో మా వీధి చివర బోరింగు పడింది. ఎవరో దయతలచి వేయించింది కాదు. మళ్లీ ఓట్లకు రావాల్సి ఉంటుందని భయపడి వేయించింది. ఆ వీధిలో వేలిముద్రలకు ఓటు లేకపోతే ఆ బోరింగు ఏ వీధిలో పడేదో ఊహించడానికి చదువు అక్కర్లేదు.

డబ్బు సంగతి ఏమిటని అడుగుతారు. అడగాల్సిందే. మా వాడకట్టులో డబ్బు పంచరని మేం అబద్ధం చెప్పం. పంచుతారు. తీసుకునేవాళ్లు తీసుకుంటారు. సుగ్గికి గుంటూరు మిరప తోటలకు పోయి నెలల తరబడి గుడిసెల్లో బతికి వచ్చిన ఇంటికి ఆ నోటు ఏమిటో, నెల జీతం తీసుకునే మనకు అర్థం కాదు. కానీ ఇచ్చే చెయ్యి సంగతేమిటి? ఓటు కొనేవాడు వేలిముద్రవాడు కాదు. కాంట్రాక్టు చేసేవాడు, కాలేజీ నడిపేవాడు, పెద్ద చదువు చదివినవాడు. కొన్నవాడి అర్హత గురించి మాట్లాడకుండా అమ్మినవాడి ఓటు తీసేయమనడం ఏ న్యాయం?

చదువుకున్న వాళ్లే ఓటేసే ఎన్నికలు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. శాసనమండలికి పట్టభద్రుల స్థానాలు. మండలిని 1985లో రద్దు చేశారు, 2007లో మళ్లీ తెచ్చారు. డిగ్రీ పాసై మూడేళ్లు దాటినవాళ్లకే అందులో ఓటు. మా పడమటి రాయలసీమలోనూ అలాంటి నియోజకవర్గం ఉంది. ఆ ఎన్నికలు డబ్బు లేకుండా, కులం లేకుండా, పార్టీ లేకుండా జరుగుతున్నాయని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరైనా చెప్పగలరా? 2021లో తెలంగాణలో రెండు పట్టభద్రుల స్థానాలకు ఎన్నికలు జరిగితే, ఒక్కొక్క దాంట్లో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అంకె వేయాల్సిన చోట సరిగా వేయలేదు. డిగ్రీ చదివిన ఇరవై వేల మంది! మా జేజి గుర్తు చూసి వేసిన ఓటు మాత్రం చెల్లింది.

చదువు న్యాయబుద్ధిని ఇస్తుందనే మాట మాకు ఇంకో రకంగా కూడా గుర్తుంది. 1991లో నంద్యాల ఓటర్లు పి.వి. నరసింహారావును లక్షల మెజారిటీతో లోక్‌సభకు పంపారు. నంద్యాలలో ముస్లింలు ఎంతమంది ఉన్నారో ఆ ఊరు చూసినవాళ్లకు తెలుసు. పదికి పైగా భాషలు వచ్చినవాడు, అనువాదకుడు, అంత చదువుకున్న ప్రధానమంత్రి ఈ దేశానికి తక్కువమంది. ఆయన ప్రధానిగా ఉండగానే 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. కూల్చింది ఆయన అని మేం అనడం లేదు. ఆపాల్సిన కుర్చీలో ఉన్నది ఆయన. ఆ గుంపును నడిపించిన వాళ్లలో ఎంత పెద్ద చదువుల వాళ్లున్నారో దేశమంతా చూసింది. చదువు మీద మాకు కోపం లేదు. మా పిల్లలను ఫీజులకు అప్పులు చేసి చదివిస్తున్నాం. చదువుకు తీర్పు చెప్పే హక్కు ఇవ్వకండి అంటున్నాం, అంతే.

ఓటు వేసేవాళ్లకు కాకపోయినా, నిలబడేవాళ్లకైనా అర్హత ఉండాలి కదా అని కొందరు మెట్టు దిగి మాట్లాడతారు. దాన్నీ చూశాం. హర్యానాలో 2015లో చట్టం తెచ్చారు. పంచాయతీకి పోటీ చేయాలంటే మామూలుగా పది పాసై ఉండాలి. ఆడవాళ్లకు, దళితులకు కొంచెం తగ్గించారు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, సహకార బ్యాంకు బాకీ, కరెంటు బాకీ ఉండకూడదు. 2015 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఆ చట్టం సరైనదేనంది. తీర్పు రాసిన న్యాయమూర్తి మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్. మంచీచెడూ తెలుసుకునే శక్తి చదువుతోనే వస్తుందని అందులో రాశారు. మేం ఆయనను గౌరవిస్తాం. వ్యక్తిగత గోప్యత మీద, న్యాయవ్యవస్థ మీద ఆయన నిలబడిన తీరు మాకు తెలుసు. కానీ ఈ వాక్యం చదివినప్పుడు మా జేజి గుర్తుకొచ్చింది. మంచీచెడూ తెలియని మనిషి ఆరుగురు పిల్లలను ఆ కరువుల్లో ఎట్లా బతికించింది? ఇంకో విచిత్రం ఏమంటే, పది పాస్ కావాలని వార్డు మెంబరుకు చట్టం చేసిన ఎమ్మెల్యేలకు ఆ నియమం లేదు. రాజస్థాన్‌లో ఇలాంటిదే 2014లో పెట్టి, 2019లో తీసేశారు.

మన రాష్ట్రంలో చదువు అర్హత పెట్టలేదు గానీ పిల్లల అర్హత పెట్టారు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారు. మా వాళ్లలో, మాదిగవాడలో, సుగాలి తండాల్లో ఎంతమంది ఆ గీత దగ్గరే ఆగిపోయారో! నలుగురు పిల్లలున్నారంటే బాధ్యత తెలియని మనిషి అన్నారు. ముస్లింలైతే దాని వెనక కుట్ర కూడా ఉందన్నారు. 2024 నవంబరులో శాసనసభ ఆ నియమాన్ని తీసేసింది. రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని ఇప్పుడు పెద్దలే చెబుతున్నారు. ముప్పై ఏళ్లు మమ్మల్ని బయట నిలబెట్టిన తప్పు ఒక్క రోజులో ఒప్పయింది. అర్హత అనేది ఆకాశం నుంచి ఊడిపడిన ధర్మం కాదు. ఎవరి చేతిలో కలం ఉంటే వాళ్ల అవసరం.

ఈ కలం ఎట్లా పనిచేస్తుందో అమెరికా నల్లవాళ్లను అడగండి. దక్షిణాది రాష్ట్రాల్లో ఓటు కావాలంటే చదువు పరీక్ష పెట్టారు. రాజ్యాంగంలో ఒక ముక్క ఇచ్చి అర్థం చెప్పమనేవాళ్లు. సరిగ్గా చెప్పాడా లేదా అనేది తెల్ల గుమాస్తా ఇష్టం. చదువు రాని తెల్లవాళ్లు పడిపోతారని కొన్ని రాష్ట్రాల్లో ఇంకో నియమం చేర్చారు. తాతకు ఓటు ఉంటే మనవడికి పరీక్ష అక్కర్లేదు. బానిసల మనవళ్లకు ఓటున్న తాతలు ఎక్కడ నుంచి వస్తారు? ఆ నియమాన్ని 1915లో కోర్టు కొట్టేసింది. పరీక్షలు పూర్తిగా పోవడానికి 1965లో ఓటు హక్కు చట్టం వచ్చి, తర్వాత ఇంకా కొన్నేళ్లు పట్టింది.

మన దేశంలో అలాంటి పరీక్ష బాహాటంగా ఎవరూ పెట్టలేరు. రాజ్యాంగం అడ్డుంది. అందుకే అది కాగితం రూపంలో వస్తుందేమోనని మా భయం. 2025 జూన్‌లో బీహార్‌లో ఓటర్ల జాబితాను ప్రత్యేకంగా సవరిస్తామని ఎన్నికల సంఘం మొదలుపెట్టింది. 2003 జాబితాలో పేరు లేనివాళ్లు పదకొండు రకాల కాగితాల్లో ఒకటి చూపాలి. అందులో పాస్‌పోర్టు ఉంది, పుట్టిన తేదీ సర్టిఫికెట్టు ఉంది, పదో తరగతి సర్టిఫికెట్టు ఉంది. పేదవాడి దగ్గర ఉండే రేషన్ కార్డు లేదు, ఆధార్ లేదు. ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని, వలసపోయారని, రెండు చోట్ల ఉన్నారని కారణాలు చెప్పారు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆధార్‌ను పన్నెండో కాగితంగా తీసుకోమంది. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయడం తప్పు కాదు. కానీ ఆ పదకొండు కాగితాలు చూస్తే ఏమర్థమవుతుంది? చదువుకున్నవాడికి తన ఓటు నిరూపించుకోవడం సులువు. చదువుకోనివాడికి కష్టం. పది పాసైనోళ్లకే ఓటుండాలని హోటల్లో అనే మాటకు, దీనికి మధ్య దూరం మేం అనుకున్నంత లేదు.

మా ఇళ్లలో ఆ కాగితాల గతి ఏమిటో చెబితే నవ్వుతారు. హుసేన్‌బీ ఓటరు జాబితాలో ఒక తీరు, రేషన్ కార్డులో ఉసేనమ్మ, ఆధార్‌లో షేక్ చేర్చి ఇంకో తీరు. దూదేకుల ఇంటి పేరు ఒకచోట డి అయితే ఇంకోచోట అసలు ఉండదు. ఖాదర్ బాషా పక్కన ఒక దీర్ఘం పోతే వాడు వేరే మనిషి. ఈ పేర్లు ఇట్లా రాసింది మేం కాదు. మాకు రాయడం రాదని మా తరఫున రాసిన చదువుకున్నవాళ్లు. వాళ్ల రాతకు మేం జవాబు చెప్పుకోవాలి. సుగ్గికి పోయి తాళం వేసిన ఇంటికి అధికారి వస్తే, ఆ ఇంటివాళ్లు వలసపోయినవాళ్లు అవుతారు.

చదువు రాకపోవడం మా తప్పే అయితే ఇదంతా ఒప్పుకునేవాళ్లం. రాజ్యాంగం వచ్చిన పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పడానికి ప్రయత్నిస్తామని 45వ అధికరణంలో రాసుకున్నారు. అంటే 1960కి. ఆ చట్టం వచ్చింది 2009లో. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే, 2001 నాటికి దేశం మొత్తం మీద అక్షరాస్యత నూటికి 65, ముస్లింలలో 59. ప్రభుత్వం మాట తప్పింది. ఆ తప్పిన మాటకు శిక్ష ఎవరికి వేద్దామంటున్నారు? బడి కట్టనివాడికి కాదు, బడి లేని ఊళ్లో పుట్టినవాడికి!

మా ఇంజనీరింగు పిల్లలకు కూడా ఒక మాట చెప్పాలి. మీకు డిగ్రీ వచ్చింది కనుక మీరు గీతకు ఇవతల ఉన్నామనుకుంటున్నారు. ఈ గీత ఎక్కడా ఆగదు. ఇవాళ పది అంటారు, రేపు డిగ్రీ అంటారు, ఎల్లుండి ఏ డిగ్రీ అంటారు, ఆ తర్వాత ఎవరి కొడుకువి అంటారు. 1946లో మన ఉర్దూ పెద్దమనుషులు కూడా గీతకు ఇవతలే ఉన్నారు. మన తరఫున మాట్లాడారు, మనల్ని అడగలేదు. మీకు వచ్చిన చదువు మీ జేజినాయనల ఓటు వల్ల వచ్చింది. వాళ్ల వేలిముద్రలకు భయపడి పెట్టిన బడులు, హాస్టళ్లు, రిజర్వేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్లు ఎక్కి మీరు పైకి వచ్చారు. నిచ్చెన ఎక్కినవాడు నిచ్చెన లాగేయడం మన ఇళ్ల మర్యాద కాదు.

మాకు చదువు కావాలి. చాలా కావాలి. మా ఆడపిల్లలు పది దగ్గర ఆగిపోకూడదు. కానీ ఓటు చదువుకు ఇచ్చే బహుమతి కాదు. చదువు ఇవ్వనివాడిని నిలదీసే పనిముట్టు. చదువు వచ్చాక ఓటు ఇస్తామంటే, ఆ చదువు ఎన్నటికీ రాదు. మా అనుభవం అదే చెబుతోంది. మా తరఫున అర్హత ఉన్నవాళ్లు వేసిన ఓటు ఎట్లా ఉంటుందో ఒకసారి చూశాం. దాని నింద ఇంకా మోస్తున్నాం. ఇక మా ఓటు మేమే వేస్తాం. సంతకంతో వేసినా, వేలిముద్రతో వేసినా, తప్పు వేసినా, ఒప్పు వేసినా మేమే వేస్తాం. ఆ తప్పొప్పులకు జవాబుదారీ కూడా మేమే. వేయని ఓటుకు మాత్రం ఇక మేం జవాబు చెప్పం.